బెత్తెడు మడత

"పాత గౌను మోకాళ్ల పైకొచ్చేసింది. రెండో భాగానికి వేరే పిల్లని వెతకండి," అన్నాడు దర్శకుడు.

మొదటి సినిమాలో మాయాలోకం చూసొచ్చే పిల్లగా వేసిన అమ్మాయికి కళ్లనీళ్లు తిరిగాయి.

బట్టలు కుట్టే మామ్మకు మనసాగలేదు. "పిల్లల బట్టలకి మడత వదలకుండా ఎవరైనా కుడతారా, బాబూ?" అంటూ అంచు విప్పింది. గౌను బెత్తెడు దిగింది. విప్పినచోట రంగు వెలవని నీలం పట్టీలా కనబడింది.

"ఈ కథ మొదటిది ముగిసిన మర్నాడే మొదలవుతుంది. ఒక్కరాత్రిలో ఇంత పెరిగిందంటే ఎవరు నమ్ముతారు, మామ్మా?"

"గుర్రానికి రెక్కలొస్తే నమ్మినవాళ్లు, పిల్ల పెరిగితే నమ్మరా?"

దర్శకుడు పకపకా నవ్వాడు. కాసేపు ఆ పట్టీ వంకే చూసి, కథ కాగితంలో 'మర్నాడు' కొట్టేసి 'రెండేళ్లకు' అని రాశాడు.

మామ్మ పట్టీ మీద లేసు కుట్టబోయింది.

"దాన్ని కప్పెయ్యకు, మామ్మా. అది కనబడాలి," అన్నాడు.