పగులు ఎవరిది?

ఎండిపోయిన తాడిచెట్టుకు వడ్రంగిపిట్ట తొర్రలు తొలిచి అద్దెకిచ్చేది. రోజుకో పురుగు అద్దె. ఒకరోజు గోరింక ఉంటున్న తొర్రకు పగులొచ్చింది.

"మామా, వానొస్తే కారుతుంది. లోపల గుడ్లున్నాయి, కాస్త పూడ్చవూ?"

"లోపలి పగులు నీదే, గోరింకమ్మా! బయటి బెరడు వరకే నా పూచీ."

"బయటి నుంచేగా పగిలింది!"

ముక్కెడు జిగురుతో పోయే పని. అయినా పంతం ఊరుకుంటుందా? గోరింక గుడ్ల మీంచి లేచెళ్లి కొంగ తాత దగ్గర పంచాయితీ పెట్టింది. తాత ఒంటికాలి మీద నిలబడి పొద్దంతా ఆలోచించాడు. ఈలోగా వాన దంచికొట్టింది.

"పగులు వడ్రంగిదే," అన్నాడు చివరికి.

గోరింక గెలిచింది. వడ్రంగిపిట్ట కూడా తీర్పు దాటకుండా వెంటనే పూడ్చేసింది. ఇప్పుడు చుక్క కూడా కారదు.

పొడిగా ఉన్న తొర్రలో, చల్లబడిపోయిన గుడ్ల మీద, గోరింక ఇంకా పొదుగుతూనే ఉంది.