ఇష్టపడే వచ్చాను

లోర్నా డ్రైవింగ్ లైసెన్సు గడ్డం పక్కన పట్టుకుని గడగడా చెప్పేసింది. "వయసు నలభై రెండు. ఇష్టపడే వచ్చాను. ఎవరూ బలవంతపెట్టలేదు. తాగి లేను."

అమెరికాలోని వాన్ నైస్‌లో పెద్దల సినిమాల్లో నటించేవాళ్లు ప్రతి షూటింగుకీ ముందు, చట్టపరంగా చిక్కు రాకుండా, కెమెరాకి చెప్పాల్సిన మాటలవి.

"నలభై రెండా? ముప్పై ఎనిమిదన్నావుగా!" అన్నాడు పక్కనున్న తోటి నటుడు డెస్మండ్.

"అది పోస్టరు మీద. చట్టం ముందు అబద్ధమాడతానా? నోరు మూసుకుని నీ కార్డు తియ్యి."

కౌంటరు వెనకున్న గుమస్తా తెల్లబోయింది. "అవన్నీ ఎవరడిగారమ్మా? ఇది పెళ్లి లైసెన్సుల ఆఫీసు. కార్డులు చూపించి సంతకాలు పెట్టండి, చాలు."

అందుకున్న కలాన్ని లోర్నా కింద పెట్టేసింది.

"ఒక్కపూట సినిమాకే అడుగుతారు, జన్మంతా కాపురానికి అడగరా? నువ్వడుగు, డెస్మండ్. అడిగితేగానీ సంతకం పెట్టను."