మాస్టారి వెనకాల వచ్చేవాడు

“ఈ స్క్రూ నేను బిగించింది కాదు,” అన్నాడు మాస్టారు, మిషన్ కింద దూర్చిన తల బయటికి తియ్యకుండానే.

బెల్టుల షాపు యజమాని వినపడనట్టు తోలు ముక్కలు సర్దుకుంటున్నాడు. అతని తాత కొన్న తోలు కుట్టే మిషన్ అది. పోత ఇనుముది, కదపాలంటే నలుగురు కావాలి. నాలుగు పొరల తోలులోకి కూడా సూది వెన్నలో దిగినట్టు దిగుతుంది. అలాంటి పాత మిషన్లని విప్పి బిగించగలిగింది ఊరు మొత్తానికి మాస్టారొక్కడే. నలభై ఏళ్ళుగా అందరూ ఆ మాట అంటుంటే, పాపం, మాస్టారు కూడా నమ్మేశాడు.

“వారం కిందట నేను పెట్టిన చోట లేదు కొక్కెం. ఎవరు కదిపారు?”

“వాళ్ళు ఒకసారి వచ్చి చూసి వెళ్ళారు మాస్టారూ,” అని నసిగాడు యజమాని.

“వాళ్ళంటే? ఎవడు వాడు?”

యజమానికి ఉన్నట్టుండి వీధిలో ఏదో పని గుర్తొచ్చింది.

మాస్టారికి ఏమీ పాలుపోలేదు. పోనీ, వచ్చినవాడు చెడగొట్టి పోయాడా అంటే అదీ కాదు. సూది అడుగుదాకా దిగి, వెంట్రుకవాసి పైకి లేచీ లేవగానే కొక్కెం వచ్చి దారాన్ని అందుకోవాలి. అది కాస్త ముందైనా వెనకైనా కుట్టు తప్పుతుంది. వచ్చినవాడు దాన్ని అచ్చంగా ఎక్కడ నిలపాలో అక్కడే నిలిపాడు. సూదికీ కొక్కేనికీ మధ్య సందుని పల్చటి కాగితంతో కొలిచాడు కూడా. చిన్న పీలిక ఇంకా అక్కడే ఇరుక్కుని ఉంది. ఆ కిటుకు మాస్టారి సొంతం.

ఇంటికొచ్చి చెప్పులు విడవకముందే భార్య దగ్గర గోడు వెళ్ళబోసుకున్నాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన ఇంట్లో ఏ మిషన్ విప్పినా లైటు పట్టుకునేది ఆవిడే కనక, కొక్కెం అంటే ఏమిటో విడమర్చి చెప్పక్కర్లేదు. ఆవిడ చిక్కుళ్ళు తుంపుతూ అంతా విని, ఇంతకీ కుట్టు బాగా పడుతోందా లేదా అని అడిగింది.

“అదేగా నా ఏడుపు. నేను పెట్టినదానికంటే బాగా పడుతోంది.”

ఇక అనుమానమంతా పాత శిష్యుడి మీదికి పోయింది. ఏకులా వచ్చి మేకైన రకమని మాస్టారు వాణ్ణి ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉంటాడు. మర్నాడు వెతుక్కుంటూ వెళ్తే వాడు సెల్‌ఫోన్లు అమ్ముకుంటున్నాడు. గురువుగారికి కుర్చీ వేసి, టీ తెప్పించి, స్క్రూడ్రైవర్ ముట్టుకుని తొమ్మిదేళ్ళయిందని ఒట్టేసి చెప్పాడు. చేతుల నూనె వాసన వదలడానికే ఏడాది పట్టిందట. మాస్టారు దెబ్బలాడదామని వెళ్ళి టీ తాగి తిరిగొచ్చాడు. ఆ వేళ చెల్లెలింటి నుంచి ఆలస్యంగా వచ్చిన భార్యకి అదంతా మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు.

తర్వాత చెప్పుల కార్ఖానాలోనూ అదే వరస. మాస్టారు బిగించి వచ్చిన రెండు రోజులకే ఎవరో వచ్చి సరిచేసి పోయారు. ఎవరని అడిగితే అక్కడా “వాళ్ళు” అనే అన్నారు. దొంగచాటుగా వచ్చేవాడికి ఇంత మర్యాద ఏమిటని మాస్టారికి ఒళ్ళు మండింది. ఊరంతా కూడబలుక్కుని తనని పిచ్చివాణ్ణి చేస్తోందా అని కూడా అనిపించింది. ఈ పని పోతే తనకంటూ ఇంకేం మిగలదు. ఆ భయంతో అన్నం సహించలేదు.

చివరికి తోలు సంచులు కుట్టే ఒకావిడ దగ్గరికి వెళ్ళి నిలదీశాడు.

“నా పని నచ్చకపోతే నా మొహం మీదే చెప్పొచ్చు కదమ్మా.”

ఆవిడ సొరుగులోంచి ఒక తోలు పట్టీ తీసి చేతిలో పెట్టింది. కిందటిసారి ఆయన వెళ్ళిన గంటకి కుట్టినదట. మాస్టారు కళ్ళజోడు సవరించుకుని చూశాడు. కుట్టు బాగానే ఉంది. ఆవిడ భూతద్దం కూడా అందించింది. అప్పుడు కనిపించింది, ప్రతి పదో పన్నెండో కుట్టు దగ్గర దారం తప్పిపోయి ఉండటం. ఇన్నాళ్ళూ కొక్కేన్ని ఆయనే వెంట్రుకవాసి పక్కన పెట్టి వస్తున్నాడన్నమాట. కళ్ళు మోసం చేశాయి. మాస్టారికి సిగ్గుతో తల వాలిపోయింది.

“మరి ఆ వచ్చేవాడు?”

“మీ పేరు పోకూడదనే వస్తున్నారు. అంతకుమించి చెప్పనని మాటిచ్చాను మాస్టారూ.”

ఇన్నాళ్ళూ తిట్టిపోసింది అలాంటి మనిషినా అనుకుంటే మాస్టారికి ఏడుపొచ్చింది. సాయంత్రం పనిముట్లన్నీ ఒక్కొక్కటే తుడిచి, నూనె రాసి, పెట్టెలో సర్ది భార్య ముందు పెట్టాడు. రేపు దీన్ని బెల్టుల షాపుకి తీసుకెళ్ళి, ఆ మనిషి చేతికి అందేలా చూడమన్నాడు. తనకి వెళ్ళడానికి మొహం చెల్లదన్నాడు. ఆవిడ పెట్టె మీద చెయ్యి వేసి దగ్గరికి లాక్కుంది.

మర్నాడు పొద్దున వెళ్ళి, ఎండెక్కాక ఉత్త చేతులతో తిరిగొచ్చింది. మాస్టారు వాకిట్లోనే కుర్చీ వేసుకుని కూచుని ఉన్నాడు.

“అందిందా?”

“అందిందండీ.”

“తీసుకుని ఏమన్నాడు?”

ఆవిడ వచ్చి ఆయన పక్కన మెట్టు మీద కూచుంది.

“‘ఆయన నా పక్కన ఉంటేనే ఈ పెట్టె తెరుస్తాను’ అని.”

“నిజంగా అలా అన్నాడా?”

“అన్నాడు కాదండీ, అన్నాను.”