ఆఖరి సాధన గంట

"సంతకం పెట్టు, చిజురూ. లైఫ్ కోచ్ శిక్షణలో ఇదే నా ఆఖరి సాధన గంట," అంటూ మా ఆయన ఫారం నా ముందుకు తోశారు.

"పెట్టను. నా మాట వినాల్సిన గంటలో యాభై నిమిషాలు మీరే ఉపన్యాసం దంచారు."

"నా మాట ఎప్పుడు విన్నావు గనక?"

"నా మాట ఎవరు విన్నారు?" గూటిలో దీపం వెనకున్న అత్తగారి ఫొటో చూపించాను. "రోజూ ఆవిడకే చెప్పుకుంటున్నాను. పోయి తొమ్మిదేళ్లయినా మీకంటే నయం. మధ్యలో అడ్డురారు."

ఆయన ముఖం మాడ్చుకున్నారు. కాసేపటికి దీపం ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు.

"రోజూ అమ్మకి ఏం చెబుతావు?"

నన్నడక్కుండా ఆయన ఉద్యోగం మానేసిన రోజు నుంచి నాకు నిద్ర లేదని చెప్పాను. ఇంకా చాలా చెప్పాను. ఆయన ఒక్కసారీ అడ్డురాలేదు. టీ చల్లారిపోయింది.

కళ్లు తుడుచుకుని కలం అందుకున్నాను.

"ఇది లెక్కలోకి రాదు," అన్నారాయన మెల్లగా. "గడియారం చూడటం మరిచాను."