మిజ్నా తిట్లు

చేతులతో పడే పోట్లాటని నా అంత బాగా చదివేవాడు ఈ ఎడారిలో ఇంకా పుట్టలేదు. మూడు గుట్టల అవతల, దుమ్ము లేచినా సరే, ఎవరు ఎవర్ని గాడిద అన్నారో ఇక్కణ్ణుంచే చెప్పేస్తాను.

మా ఊళ్ళో ఇంటికొకరైనా చెవిటివాళ్ళు ఉంటారు. అందుకని చెవులున్నవాళ్ళం కూడా మాటలతో పాటే చేతిమాట నేర్చుకుంటాం. అందులో మనిషి పేరంటే ఆ మనిషి ఒంటి మీది గుర్తే.

మా అందరికీ వినోదం ఊదా అనే ఆయన ఇద్దరు పెళ్ళాలు.

పెద్దది సబ్హా, మా ఊరి పిల్లే. చిన్నది మిజ్నా, కొండల అవతలనుంచి వచ్చిన పరాయిది. ఇద్దరికీ చెవుడే. ఊదా పోయాక కూడా ఎదురెదురు ఇళ్ళ గడపల్లో కూర్చుని పొద్దస్తమానం తిట్టుకునేవాళ్ళు.

తిట్టుకునేవాళ్ళు అన్నానా. తిట్టేది మిజ్నాయే.

"ఇవాళ గురువారం. రేపు నీ కూతురొస్తుంది, ఆ నుదుటి మచ్చది. ఈ మాసిన ముసుగుతోనే కూర్చుంటావా, మురికిదానా?"

"నువ్వు చెప్పాలా?" అని సబ్హా లేచి ముసుగు ఉతుక్కునేది.

"పొద్దుటి మాత్ర మింగలేదు. తొందరగా చచ్చి మొగుడి సమాధి పక్కన చోటు కొట్టేద్దామనా?"

"నీకెందుకే?" అని సబ్హా మాత్ర మింగేది.

మేం మిట్ట మీద కూర్చుని కడుపుబ్బ నవ్వుకునేవాళ్ళం.

సబ్హా కొడుకు సువైలిమ్‌కి మాత్రం నవ్వు రాలేదు. "ఈ వయసులో కూడా మా అమ్మకి శాంతి లేదు" అని రెండిళ్ళ మధ్య నిలువెత్తు గోడ మొదలుపెట్టాడు.

మిజ్నా పరుగెత్తుకొచ్చింది. "కట్టకు."

"ఎందుకు కట్టకూడదు?"

ఆమె చేతులు లేచాయి. గడపలోంచి సబ్హా చూస్తోంది. చేతులు దిగిపోయాయి.

"పోనీ, ఒక మొహం పట్టేంత సందు వదులు."

"తిట్టడానికా?"

"ఆఁ. తిట్టడానికే."

వదల్లేదు. మిజ్నా గోడ చుట్టూ తిరిగి వస్తే సబ్హా కోడలు తలుపేసేసింది.

చలికాలం వెళ్ళేసరికి, సబ్హా పొయ్యి ముందు కూర్చునే పొయ్యి ఏదని అడగసాగింది.

బీర్ సబా పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళాడు సువైలిమ్. నేనూ బండెక్కాను.

"నా ప్రశ్నలు మీ చేతిమాటలో అడగండి. జవాబులు మాత్రం అందించకండి" అంది డాక్టరమ్మ ముందే.

తాళంచెవి, దువ్వెన, చెంచా చూపించి దాచేసింది. కాసేపాగి, ఏం చూశావంది. సబ్హా నవ్వింది.

ఇవాళ ఏ వారమంది. పిల్లల పేర్లేమిటంది. మీ ఆయన ఉన్నాడా అంది.

అడిగినప్పుడల్లా సబ్హా తలెత్తి, ఎదురుగా ఎవరైనా ఉన్నారా అని చూసింది.

"ఇది నిన్నా మొన్నా వచ్చింది కాదు. ఏళ్ళ నాటిది" అంది డాక్టరమ్మ.

"అదెలా కుదురుతుంది డాక్టరమ్మా? చలి మొదలయ్యేదాకా సవతితో రోజూ పోట్లాటే. మతిలేని మనిషి పోట్లాడుతుందా?"

"ఏమని పోట్లాడేవాళ్ళు?"

సువైలిమ్ అచ్చం మిజ్నాలా మొహం పెట్టి, చేతులాడిస్తూ నోటితోనూ చెప్పాడు. ఇవాళ గురువారం, మురికిదానా. రేపు నీ కూతురొస్తుంది. నీ మొగుడి సమాధి...

చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

"నేను అడిగిన వారం, పిల్లలు, మొగుడు, అన్నిటికీ జవాబులు ఆ తిట్లలోనే ఉన్నాయి" అంది డాక్టరమ్మ మెల్లగా.

ఇదీ నా చదువు. అన్నేళ్ళు మిట్ట మీద కూర్చుని, గాడిద అన్న ముక్క తప్ప నేను చదివిందేమీ లేదు.

ఇంటికి రాగానే సువైలిమ్ సమ్మెట తీసుకుని గోడ పడగొట్టాడు. మిజ్నా అవతల తన గడపలోనే కూర్చుని ఉంది.

"చిన్నమ్మా" అన్నాడు, ఎన్నడూ అలా పిలవనివాడు. "తిట్టు."

మిజ్నా లేచి సబ్హా ఎదుటికొచ్చింది. "ఇవాళ మంగళవారం. ఆ జుట్టు దువ్వుకో, గాడిదా."

సబ్హా తేరిపార చూసింది. "ఎవరో చుట్టం వచ్చింది, కాఫీ పొయ్యండి" అంది.

ఈ కథలో ఆ కాఫీ మాట ఒక్కటే నేను కల్పించింది. మిజ్నా చీకటి పడేదాకా తిడుతూనే ఉంది, సబ్హా చేతులు ఒళ్ళోంచి లేవలేదు.