ఎర్త్ వైరు కింద

ఆర్నెల్లు పోరితే మా ఆయన లారీ అమ్మడానికి ఒప్పుకున్నారు. కొనేవాడు పది గంటలకు వస్తానన్నాడు. తొమ్మిదిన్నరైనా మామగారి నాటి ఆ లారీ, అచ్చం ఆయనలాగే మూలుగుతోంది తప్ప లేవడం లేదు. హెడ్‌లైట్లు మినుకుమంటున్నాయి.

"బ్యాటరీ కొత్తది, సెల్ఫ్ మోటారూ కొత్తదే. ఇంక దీని ఖర్మ" అన్నారు మా ఆయన.

"మీ వంశంలో పొద్దున్నే లేచినవాళ్ళు ఎవరున్నారని" అంటూ నేను బ్యాటరీ నుంచి ఒక్కో వైరే పట్టుకుని చూస్తూ వెళ్ళాను. ఎర్త్ వైరు ఛాసిస్‌కి బిగించిన చోట బోల్టు విప్పితే, కింద దట్టంగా నీలం రంగు. ఇనుముకి ఇనుము తగలకపోతే కరెంటు ఎలా పారుతుంది?

"ఈ రంగు గీకేస్తే చాలు. ఆ గరుకు కాగితం ఇలా ఇవ్వండి."

"వద్దులే, చేతులు పాడవుతాయి."

పాతికేళ్ళుగా అంట్లు తోముతుంటే గుర్తురాని చేతులు ఇప్పుడు గుర్తొచ్చాయి.

లారీకి రంగు వేయించి నాలుగేళ్ళయింది. నా వేలికి అంటిన నీలం మాత్రం ఇంకా తడిగా ఉంది.

ఆయన టైరు వైపు చూస్తూ నిలబడ్డారు.

గేటు దగ్గర హారన్ మోగింది. బోల్టును మళ్ళీ ఆ రంగు మీదే బిగించాను. వేలు ఆయన చొక్కాకే తుడిచి, వెళ్ళి గేటు తీశాను.

"అబ్బే, ఈ బండి కదిలేది కాదండీ" అన్నాను.