జనాభా లెక్కల్లో ముత్తాత

పరాయి దేశంలో, ఖైతాన్‌లోని తన అద్దె గదిలో ఆ రాత్రి సత్యప్రసాద్ ఒక్కడే ఉన్నాడు. తెల్లారితే ఊళ్ళో నాన్న గోదావరి పుష్కరాల్లో పిండం పెట్టాలి, ముత్తాత పేరు కావాలి. పాత పేపర్లన్నీ తిరగేసినా దొరకలేదు. చివరికి అక్క చంద్రావతి ముత్తాత కాలం నాటి జనాభా లెక్కల కాగితం ఫొటో పంపి, పగలబడి నవ్వుతూ ఫోన్ చేసింది.

"తాతమ్మ మొగుడి పేరు నోటంట పలకదు కదరా! మీ ఆయన్ని ఏవని పిలుస్తావమ్మా అని లెక్కలు రాసే గుమాస్తా అడిగుంటాడు. ఆవిడ చెప్పింది చెప్పినట్టే పేరు గడిలో 'ఏవండీ' అని రాసేసేడు!"

ఫోన్ పెట్టేశాక సత్యప్రసాద్ సరదాకి ఖాళీ గదిలోకి పిలిచాడు.

"ఏవండీ!"

"ఆఁ," అంది తలుపు అవతల నుంచి ఓ ముసలి గొంతు.

 నాన్న పెట్టాల్సిన పిండం గుర్తొచ్చి సత్యప్రసాద్ అడిగాడు.

"తాతా... నీ పేరేంటి?"



"మీ తాతమ్మ ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు గదరా బాబూ. నాకూ గుర్తులేదు."